బోర్లించిన రోలు

ప్రొద్దుటూరు, అద్దకంవారి వీధి
జూన్, మొదటి వారం

కాతీ,

ఫోను చేతిలో ఉండగా ఈ జాబేమిటని కళ్ళు పెద్దవి చేసుకుంటావు, నాకు తెలుసు. ఫోన్లో చెప్పలేకనే రాస్తున్నాను. మాది రెండు గదుల ఇల్లు. నేను ఏ మూల నిలబడి మాట్లాడినా ఆయనకు వినబడుతుంది. ఆయన సంగతి నేను ఇంకొకరికి చెబుతుంటే మంచం మీద నుంచి అట్లే చూస్తాడు. అన్నీ వింటాడు, అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం రాదు. ఆ చూపు నేను తట్టుకోలేను. కాగితమైతే చప్పుడు చేయదు. నువ్వూ జాబే రాయి.

చలికాలంలో వచ్చిన పక్షవాతం కాలునూ చేతినీ కొంచెం వదిలింది గానీ మాటను వదలలేదు. లాల్ బాషా టైలరు నోరు ఎట్లాంటిదో నీకు చెప్పాలా? పెళ్ళికొడుకు మొహం మీదే "నీ పొట్ట తగ్గేదాకా పెళ్ళి వాయిదా ఏసుకో అప్పా, నా గుడ్డ పాడు చేయాకు" అన్న మనిషి. అట్లాంటివాడు ఇప్పుడు నీళ్ళు కావాలన్నా గ్లాసు వైపు వేలు చూపిస్తాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నోరు మూతపడితే చాలు అల్లా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఆ తిట్ల కోసం చెవులు వాచిపోతున్నాయి.

డాక్టరు ఒక మాట చెప్పాడు. "మూల పండబెడితే మాట రాదమ్మా. దినామూ సాయంత్రం మనుషుల్లో కూర్చోబెట్టండి. నలుగురు పలకరిస్తాంటే బదులు చెప్పాలని ప్రాణం కొట్టుకుంటాది. దాంతోనే నాలుక కదులుతాది. ఈ ఏడు దాటితే కష్టం" అన్నాడు. కూర్చోబెట్టడానికి మా తిన్నె ఉంది. మా తమ్ముడు ఇమ్తియాజ్ కువైట్ నుంచి చక్రాల కుర్చీ కొనిపించాడు. లేనిది మనుషులే. తిన్నె ముందర అన్నీ బండ్లే.

బట్టల అంగళ్ళన్నీ మా మలుపులోనే కదా. పెళ్ళి బట్టలకని వేముల నుంచి, వల్లూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అంగడి ముందు చోటు దొరకక మా వీధిలోకి తోస్తారు. మా గడపకు అడ్డంగా బండి పెట్టి పోయినవాడు, వాళ్ళావిడకు చీర నచ్చినప్పుడే తిరిగొచ్చేది. మొన్న పక్కింటి ఆటో ఫయాజ్ సాయం పట్టి ఆయన్ను తిన్నె మీదికి తెచ్చాం. ఎదురుగా ఒక కారు అద్దం. అందులో ఆయన మొహమే ఆయనకు కనిపించింది. కాసేపు చూసుకుని, లోపలికి తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు.

వీధివాళ్ళమంతా కలిసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టాం. ఇళ్ళ ముందర బండ్లు ఆపకుండా చూడాలని. రాసింది నేనే. మన ఏడో తరగతి తెలుగు అయ్యవారు చూసి ఉంటే నా గుండ్రటి అక్షరాలకు సంతోషపడేవాడు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. మీ తమ్ముడు విశ్వనాథ్ అదే ఆఫీసులో గుమాస్తా కదా, ఆ కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో కాస్త చూడమని చెప్పు.

నీ జైబు

*

జమ్మలమడుగు
జూన్, మూడో వారం

జైబూ,

నీ జాబు వచ్చిన రోజు మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో మన వీధి. పెన్న మన వీధిలోకి వచ్చి మెల్లగా పారుతోంది. తేట నీళ్ళు, అడుగున ఇసుక కనబడుతోంది. బండ్లన్నీ తేలుకుంటూ ఒకదాని వెనుక ఒకటి బజారు వైపు వెళ్ళిపోయాయి. ఎవరూ అరవలేదు. బాషా అన్న తిన్నె మీద కూర్చుని టేపుతో నీళ్ళను కొలుస్తున్నాడు. నువ్వూ నేనూ లంగాలు ఎత్తి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నాం. లేచాక కూడా చాలాసేపు కాళ్ళు చల్లగానే ఉన్నాయి.

ఇక్కడ ఈ నెలలో పెన్నలో నీళ్ళెక్కడివి? ఇసుకే. మా ఆయన, అదే మీ గురురాజారావు సారు, పొద్దున్నే పౌరోహిత్యానికి వెళితే మధ్యాహ్నం దాకా ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను మన వీధిలోనే తిరుగుతుంటాను. మా ఇల్లు అమ్ముకుని వచ్చేసి ఇన్నేళ్ళయినా నా కలలకు ఇంకా కొత్త చిరునామా తెలియలేదు.

విశ్వనాథ్‌తో మాట్లాడాను. "అర్జీలు శానా ఉండాయక్కా, వరసలో వస్తాది" అన్నాడు. వరస వచ్చేలోగా ఒక పని చెయ్యి. మేము ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మా అమ్మ నీకు ఇచ్చిన రోలు పెరట్లో ఉంది కదా. దాన్ని గడప ముందు పెట్టించు. ఇద్దరు మగవాళ్ళు పట్టనిదే కదలదు. అయితే ఒకటి, బోర్లించి పెట్టు. వాన నీళ్ళు నిలిస్తే దోమలు. పైగా నోరు తెరిచిన వట్టి రోలు వీధిలో ఉండకూడదని మా అమ్మ అనేది.

అన్నకు నా నమస్కారాలు చెప్పు. జవాబు కోసం నేను తొందరపడటం లేదని కూడా చెప్పు.

కాతి

*

ప్రొద్దుటూరు
జూలై

కాతీ,

నీ తెలివి కాల్చనూ అని మొదట అనుకున్నాను. ఫయాజూ అతని స్నేహితుడూ రోలును మోసుకొచ్చి బోర్లించి పెట్టారు. మరునాడు చూస్తే ఎవరో దాన్ని గోడ వారకు దొర్లించి ఆ చోట్లోనే కారు పెట్టారు. మళ్ళీ తెచ్చాం. మళ్ళీ దొర్లించారు. బరువైన రాయిని దొర్లించే ఓపిక ఉంది గానీ పది అడుగులు నడిచే ఓపిక లేదు జనానికి.

అప్పుడు మునెమ్మ వచ్చింది. నీకు గుర్తుందో లేదో, మలుపులో పూలు అమ్ముతుంది. "ఎందుకమ్మా అవస్థ? ఇంత పసుపు పూస్తే ఎవుడు ముట్టుకుంటాడో చూస్తా" అంది. బుట్టలోంచి పసుపు తీసి రాయికి పూసి, రెండు కుంకుమ బొట్లు పెట్టి, చేతులు దులుపుకుని పోయింది.

ఏమి మహిమో గానీ ఆ పొద్దు నుంచి ఒక్క చక్రం దాని దగ్గరికి రాలేదు! దూరం నుంచే చూసి, బండి దిగి, చెప్పులు కూడా విడిచి, బండిని తోసుకుంటూ వెనక్కి పోతున్నారు. మా గడప ముందు నాలుగు బారల నేల ఖాళీ అయింది. మొదటి రోజు నేను ఆ ఖాళీని ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఎండ వచ్చి మా గడప మీద పడింది. ఎన్నేళ్ళయింది కాతీ, మా గడప మీద ఎండ చూసి!

ఆయన్ను రోజూ కుర్చీలో కూర్చోబెడుతున్నాం. పోయేవాళ్ళు "ఏం మామా, బాగుండావా" అంటున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. శబ్దం ఇంకా రాలేదు. కానీ కదులుతున్నాయి, నేను చూశాను.

అర్జీ గురించి అడిగితే పరిశీలిస్తామన్నారట. పరిశీలించనీ. మా కమిషనరు మునెమ్మే.

జైబు

*

పులివెందుల
ఆగస్టు

జైబూ,

మా అమ్మాయి ప్రజ్ఞకు కాన్పు సెలవు అయిపోయి మళ్ళీ బడిలో పాఠాలు చెప్పడానికి పోతోంది. పసిదాన్ని చూసుకోవడానికి పులివెందుల వచ్చాను. నీ జాబును సారు ఇక్కడికి పంపారు. చదివి నవ్వుకుంటుంటే ఒళ్ళో పిల్ల కూడా నవ్వింది. అల్లుడు వచ్చి "ఏందత్తా, ఇద్దరూ ఒకటే నవ్వుతాండారు" అన్నాడు. ఏమని చెప్పేది?

ఇక్కడ సాయంత్రాలు ముసురు పడుతున్నాయి. పిల్ల నిద్రపోతే కిటికీ దగ్గర కూర్చుంటాను. వానలో రోడ్డు కనిపించదు, దీపాలే కనిపిస్తాయి. ఆ దీపాల్లో మీ గడప ఒకటి అనుకుంటాను. బాషా అన్న అక్కడ కూర్చుని ఉన్నాడు, దారిన పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఒక్కొక్క మాట ఇచ్చి వెళుతున్నారు, ఆయన అన్నిటినీ జేబులో వేసుకుంటున్నాడు. ఎప్పుడో అన్నీ కలిపి బయటికి తీస్తాడు.

నిజంగానే తీస్తాడు జైబూ. నాకు నమ్మకం ఉంది.

కాతి

*

ప్రొద్దుటూరు
సెప్టెంబరు

కాతీ, కాతీ,

మాట వచ్చింది!

ముందు ఆ ముక్క రాసేశాను.  ఇప్పుడు నిదానంగా చెబుతా, విను.

మన రోలు అమ్మవారైపోయింది. నవ్వకు. శుక్రవారం శుక్రవారం కొబ్బరికాయలు కొడుతున్నారు. బట్టలు కొనడానికి వచ్చినవాళ్ళు ముందు ఇక్కడికి వచ్చి మొక్కి పోతున్నారు. చీర నాలుగు రోజుల్లో రంగు దిగితే ఈ తల్లికి చెప్పుకుంటారో ఏమో. ఎవరో ఎర్ర గుడ్డ కట్టారు. మునెమ్మను పట్టుకుని, "మే మునెమ్మా, పసుపు పూసింది నువ్వే కదా, అది రోలని నీకు తెల్దా" అని అడిగాను. ఆమె ఏమందో తెలుసా? "నేను పూసినప్పుడు రాయేనమ్మా. ఇంతమంది మొక్కినాక ఇంకా రాయి ఎట్టయితాది?" అంది. 

మొన్న వేముల నుంచి ఒకామె వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, తిన్నె మీద ఉన్న ఈయన్ను చూసి, ఈయన పూజారి అనుకుందో ఏమో, చేతులు జోడించి అడిగింది. "ఏ అమ్మవారు సామీ ఈయమ్మ?"

నేను లోపల పాలు కాస్తున్నాను. ఏదో శబ్దం. గొంతులో రాయి దొర్లినట్టు. కిటికీలోంచి చూస్తే ఆయన మెడ నరాలు ఉబ్బి, మొహమంతా చెమట పట్టి, ఒక చెయ్యి ఆ రాయి వైపు చాపి ఉన్నాడు. "రో..." అన్నాడు. ఆగాడు. మళ్ళీ, "రోలు."

కాతీ, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను చూడలేదు. గడపలోకి పరుగెత్తాను. ఇన్ని నెలలు నోరు తెరవని మనిషికి, నన్ను పిలవడానికి రాని మాట, నీళ్ళకు రాని మాట, ఎదురుగా అబద్ధం నిలబడి దండం పెట్టించుకుంటుంటే ఊరుకోలేక వచ్చింది! లాల్ బాషా అంటే లాల్ బాషానే. ఆయన ఎప్పటి మనిషో అప్పటి మనిషే.

ఆ వేముల ఆమెకు అర్థం కాలేదు. "సరే సామీ" అని మొక్కి పోయింది. కానీ ఈయన ఆగలేదు. అప్పటి నుంచీ ఎవరు వచ్చినా అదే చెబుతున్నాడు. నిన్న రెండు మాటలు కలిపాడు. "రోలు... అంతే." ఇంకా నాలుగు దినాలు పోతే తిట్లు కూడా వస్తాయి, ఇన్షాఅల్లా.

జైబు

*

పులివెందుల
సెప్టెంబరు, చివర

జైబూ,

నీ జాబు పట్టుకుని పిల్లను ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. "రోలు, రోలు" అని పాటలా పాడాను. అది కూడా ఏదో ఊ కొట్టింది.

నీకు ఒక మాట చెప్పాలని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. విశ్వనాథ్ ఫోను చేశాడు. "అక్కా, ఆ వీధిలో గుడి ఉందంటనే. అర్జీలో ఆ ముక్క చేరిస్తే మంచిది. ఇంటి ముందర బండ్లు పెట్టొద్దంటే పది మంది ఎదురు చెప్తారు. గుడి ముందర పెట్టొద్దంటే ఎవురూ నోరెత్తరు" అన్నాడు. నాకూ బాగానే ఉందనిపించింది. మీ గడపకు ఇక శాశ్వతంగా దిగులుండదు.

ఇంకొకటి కూడా ఉంది. దాచను. నీ జాబు చదివిన రాత్రి అమ్మ కలలోకి వచ్చింది. ఆ రాయి పక్కనే చతికిలబడి కూర్చుంది. కొంగు నడుముకు చుట్టుకుని ఉంది. మెడలో పూలదండ. జనం వచ్చి మొక్కుతుంటే సిగ్గుపడుతూ, "నాకెందుకే ఇవన్నీ" అంటోంది. బతికినన్నాళ్ళూ ఆ రోటి ముందు వంగింది జైబూ. ఇంటిల్లిపాదికీ, పెళ్ళిళ్ళకూ, తద్దినాలకూ. ఆమెకు ఎవరైనా ఒక్కసారి చేతులెత్తి మొక్కారా? ఇప్పుడు మొక్కుతున్నారు. తెలియక మొక్కుతున్నారు, అయినా ఆమె చెయ్యి అరిగిన రాయికే కదా.

ఉండనిద్దామా? నాకు ఏమీ తోచడం లేదు. నువ్వే చెప్పు.

కాతి

*

ప్రొద్దుటూరు
అక్టోబరు

కాత్యాయనీ,

పూర్తి పేరు పెట్టి పిలిచానంటే నాకు కోపం వచ్చిందని నీకు తెలుసు.

అమ్మవారి గుడికి రేకుల పందిరి వేస్తారట. ఎవరో హుండీ కూడా తెచ్చి చూపించారు. పందిరి గుంజల్లో రెండు మా తిన్నె మీదే పడతాయి. బండ్లు పోయి గుడి వస్తే, ఈయన కుర్చీకి చోటెక్కడ? ఇంకో సంగతి. మొక్కడానికి వచ్చేవాళ్ళ బండ్లు ఇప్పుడు ఫయాజ్ ఇంటి ముందర నిలబడుతున్నాయి. మా కష్టం పక్కింటికి పోయింది, అంతే.

అదంతా నేను ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది చెబుతా.

పందిరి కొలతలకు వచ్చినప్పుడు ఈయన తిన్నె మీదే ఉన్నాడు. "రోలు" అన్నాడు. వాళ్ళు వినలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. చెయ్యెత్తి, బోర్లించిన చేతిని తిప్పి చూపించాడు. తిప్పి చూడండిరా అని. ఒక కుర్రవాడు నవ్వి, "పాపం, పెద్దాయనకు మతి చలించినట్టుండాది. లోపలికి తీస్కపోండమ్మా" అన్నాడు. అందరూ జాలిగా చూశారు. తిట్టినా బాగుండేది. జాలిగా చూశారు.

ఆయన చెయ్యి దించేశాడు. అంతే. ఆ రోజు నుంచి ఒక్క శబ్దం లేదు. తిన్నె మీదికి రానంటున్నాడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. డాక్టరు దగ్గరికి పోతే, "మాట రావడం ఒక ఎత్తు, దాన్ని ఎవరైనా వినడం ఒక ఎత్తు. వినేవాళ్ళు లేరని మనసుకు తోస్తే మళ్ళీ మూసుకుంటాదమ్మా" అన్నాడు.

నేను తిప్పి చూపించలేనా? నా చేతుల్లో బలం లేకనా? పసుపు పూసిన రాయి మీద జైబున్నీసా చెయ్యి పడితే ఏమవుతుందో నీకు రాసి చెప్పాలా? ఈ వీధిలో నేను పుట్టి పెరిగాను. ఎవరితోనూ ఒక మాట పడలేదు. పడబోను. ఫయాజును కూడా ముట్టుకోవద్దన్నాను.

ఆ రోలు మీ అమ్మది. అది ఎవరిదో, ఏమిటో చెప్పగలిగింది నువ్వొక్కదానివే. మీ అమ్మకు దండ పడింది, సంతోషం. నా మొగుడి నోట్లో మాట పోయింది. నువ్వు కలలు కంటూ కూర్చో.

జైబున్నీసా

*

జమ్మలమడుగు
అక్టోబరు

జైబూ,

నీ జాబు చదివి తల దించుకున్నాను. నువ్వన్నది నిజమే.

నేను జమ్మలమడుగు వచ్చేశాను. వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు వస్తాను. శుక్రవారమే రావాలి, జనం ఉన్నప్పుడే. చెనిక్కాయలు వేయించి పెట్టు. ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు కూడా. రోకలిని కడిగి ఉంచు.

సారుకు చెప్పాను. చదువుతున్న పంచాంగం పక్కన పెట్టారు. తర్వాత, "మొక్కినవాళ్ళ మనసు నొచ్చకుండా చెయ్యి. ముందు నువ్వూ మొక్కు. ఆ తర్వాతే తిప్పు" అన్నారు.

కాతి

*

జమ్మలమడుగు
నవంబరు

జైబూ,

వచ్చి వారమైంది గానీ నేను ఇంకా మీ తిన్నె దగ్గరే ఉన్నట్టుంది. ఆ రోజు మనిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. బస్సు టైమని పరుగెత్తాను. అందుకే రాస్తున్నాను.

మలుపు తిరిగి ఆ రాయిని చూశాను. ఎర్ర గుడ్డ, దండలు, దీపం. ఎంత అందంగా ఉంది! ఒక్క క్షణం నేనూ నమ్మాను. మొక్కాను. అబద్ధంగా మొక్కలేదు, నిజంగానే మొక్కాను. తర్వాత దండలు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెడుతుంటే వెనుక నుంచి గొణుగుడు మొదలైంది. "ఎవురమ్మా నువ్వు? ఏం చేస్తాండావు?"

"పురోహితుడు గురురాజారావు గారి భార్యను. ఇది మా అమ్మ రోలు" అన్నాను.  నేను పిలిస్తే విశ్వనాథూ ఫయాజూ వచ్చి, చెరొక వైపు పట్టి తిప్పారు. తిరిగి నిలబడింది. నడుమ గుంత. వాన తగలని ఆ గుంత ఎంత నునుపుగా ఉందో! అమ్మ చెయ్యి అరిగిన చోటు. లోపల రెండు చీమలు తిరుగుతున్నాయి.

 ముందు మాట్లాడింది మునెమ్మే. "ఇన్నాళ్ళు మొక్కించుకున్న తల్లిని ఇట్ట బయట పెడతావా అమ్మా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. ఆమె ఏడుపు చూసి నాకు భయం పోయింది. "పెళ్ళి జరిగిన ప్రతి ఇంట్లో రోటికి పసుపు పూయమా మునెమ్మా? దండం పెట్టమా? పెట్టి, ఆ తర్వాత అందులోనే దంచమా? నువ్వు చేసిందీ తప్పు కాదు, నేను చేసేదీ తప్పు కాదు" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "మిరపకాయలు నేను దంచుతా, నీ చేతులు మంటలు పుడతాయి" అంది.

నువ్వు లోపల నుంచి చెనిక్కాయల చాట తెచ్చి రోటి పక్కన పెట్టావు. చెనిక్కాయలు, మిరపకాయలు కలిపి దంచిన ఊరిమిండి పచ్చడి వాసన వీధంతా పట్టింది. కొబ్బరికాయలు కొట్టడానికి వచ్చినవాళ్ళు ఆ కొబ్బరి కూడా రోట్లోనే వేసేశారు. అందరూ అరచేతుల్లో పెట్టించుకుని తిన్నారు. అప్పుడు అన్నాను, అందరూ వినేటట్టు. "లాల్ బాషా అన్న మొదటి రోజు నుంచీ నిజమే చెప్పాడు. ఆయనకు మతి ఉంది. మనకే చెవులు లేవు."

మతి చలించిందన్న ఆ కుర్రవాడు వచ్చి అన్న ముందు నిలబడి, "తప్పయింది మామా" అన్నాడు కదా. అన్న వాణ్ణి చూశాడు. నన్ను చూశాడు. ఊరిమిండి తిన్నాడు. ఒక్క మాట అనలేదు. నేను ఆ మాట కోసమే వచ్చాను జైబూ. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొలాలు మెల్లగా వెనక్కి పోతుంటే, ఆలస్యం చేశానేమో అని ఏడ్చాను. ఇప్పటికీ అదే అనిపిస్తోంది. నిన్ను అడగడానికి భయంగా ఉంది. అందుకే అడగడం లేదు.

కాతి

*

ప్రొద్దుటూరు
నవంబరు

కాతీ,

ఏడ్చిన మొహమా, అడగడానికి భయమెందుకు? మొత్తం చదువు.

రోలు పెరట్లోకి పోయింది. మూడో రోజుకల్లా బండ్లు తిరిగొచ్చాయి. నీకు తెలుసు కదా వస్తాయని, నాకూ తెలుసు. మునిసిపాలిటీ వాళ్ళు మలుపులో బండ్లు నిలపరాదని ఒక బోర్డు పాతారు. ఆ బోర్డుకే ఆనించి ఒకాయన స్కూటరు నిలబెట్టాడు. నేను దాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వచ్చేశాను.

నువ్వు పోయిన మరునాటి నుంచి ఆయన తిన్నె మీదికి వస్తున్నాడు. పిలవకుండానే కుర్చీ వైపు వేలు చూపిస్తున్నాడు. మాట లేదు. నేను ఆశ పెట్టుకోలేదు. పెట్టుకుంటే మళ్ళీ విరుగుతుందని.

నిన్న వల్లూరు నుంచి ఒక జంట పెళ్ళి బట్టలకు వచ్చింది. అతను బండిని తెచ్చి సరిగ్గా మా గడపకు అడ్డంగా, ఆయన మోకాళ్ళకు తగిలేటంత దగ్గరగా నిలబెట్టి తాళం తీసుకున్నాడు. నేను చీపురు పట్టుకుని బయటికి వస్తున్నా, ఈసారి ఊరుకునేది లేదని. ఆయన నాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అప్పా" అన్నాడు.

అతను తిరిగి చూశాడు. ఎవరు పిలిచారో తెలియక వీధంతా చూశాడు.

"అప్పా. బండి... తీ."

"ఐదు నిమిషాలే మామా, బ్లౌజు పీసు ఒకటే" అన్నాడు అతను.

ఈయన మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి.  "తీయ్" అన్నాడు. "నా ఇల్లు. నేను... కూకోవల్ల."

అతను ఒక్క క్షణం చూశాడు. వాళ్ళావిడ మోచేత్తో పొడిచింది. "తీయండి, పెద్దాయన చెప్తాండాడు కదా" అంది. అతను బండి తీశాడు కాతీ. ఎదురు మాట్లాడకుండా, నవ్వకుండా, జాలిపడకుండా తీశాడు. మొన్నటి దాకా పసుపు చూసి తీసేవాళ్ళు. నిన్న ఈయన మాట విని తీశాడు.

ఈయన నా వైపు తిరిగి గర్వంగా చూశాడు. నేను చీపురు అక్కడే పారేసి లోపలికి పోయి, నీళ్ళ బిందె పక్కన కూర్చుని, చప్పుడు కాకుండా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఈ రోజు పొద్దున్నుంచి ఎంతోమందిని తరిమాడు. కొందరు తిట్టి పోయారు. ఆయన కూడా తిట్టాడు. ఏం తిట్టాడో కాగితం మీద పెట్టను, నువ్వు పురోహితుడి భార్యవు. సాయంత్రం ఆ పందిరి కుర్రవాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి బండ్లను తరుముతున్నారు.

అర్జీ వదలం. విశ్వనాథ్‌కు చెప్పు, ఈ సోమవారం మళ్ళీ వస్తున్నామని. అందులో గుడి ముక్క ఏదీ ఉండదు, ఇళ్ళ ముందరి సంగతే ఉంటుంది. ఈసారి నేను మాట్లాడను. ఫయాజ్ ఆటోలో ఆయన్నే తీసుకుపోతాం. ఎంతసేపు పట్టినా ఆయనే చెప్పుకుంటాడు. వాళ్ళు కూర్చుని వింటారు.

ఇంకా ఏదో రాయాలనుకున్నాను. అదుగో, తిన్నె మీద నుంచి పిలుస్తున్నాడు. పేరు పెట్టి కాదు. "ఏమే" అంటున్నాడు. మళ్ళీ "ఏమే" అంటున్నాడు. ఇంకొక్కసారి పిలవనిచ్చి పోతాను.

జైబు